పర్ణశాల నుంచి ఇల్లు చేరే లెక్క

శ్రీరామనవమికి భద్రాచలం తీసుకెళ్తామనే బండ్లవాళ్లు ఖమ్మంలో వీధికి నలుగురు ఉంటారు. కల్యాణం చూపించి, పర్ణశాల తిప్పి, ముసలివాళ్లూ పిల్లలూ విసుక్కోకుండా అదే రాత్రి ఇంటి గుమ్మం ముందు దించగలిగినవాళ్లు మాత్రం అరుదు. మా పేటలో అలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. వయసు అరవైకి దగ్గర పడింది. పేరు రాయొద్దన్నాడు, అందుకని డ్రైవరన్న అనే రాస్తున్నాను. ఆయన తిరుగు ప్రయాణాన్ని ఎలా కడతాడో దగ్గర నుంచి చూసినకొద్దీ ఇది చేయి తిరిగిన పనివాడి పని అని తెలుస్తూ వచ్చింది. గుడి చెక్కినవాడి గురించీ, చీర నేసినవాడి గురించీ మనం మెచ్చుకుంటూ రాస్తాం. ఈ పని గురించి కూడా అలాగే రాయాలని నాకుంది.

ముందు ఆయన డైరీ చూడాలి. పాత సంవత్సరం డైరీ, అట్ట చిరిగితే టేపు వేసి ఉంటుంది. నవమి పేజీలో మొదటి వరుస ‘ఇల్లు 9.30’. దాని కింద ‘కొత్తగూడెం, భోజనం 6.50’. ఆ కింద పాల్వంచ 6.30, సారపాక 5.50, వంతెన 5.40, పర్ణశాల 4.30. కాలం పేజీ పైనుంచి కిందికి వెనక్కి నడుస్తుంది. తెల్లవారుజామున బయల్దేరే వేళ పేజీ అడుగున ఎక్కడో ఉంటుంది. మనబోటివాళ్లం బయల్దేరే వేళతో మొదలుపెడతాం, అక్కడి నుంచి ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయి రాత్రికి ఎక్కడ తేలితే అక్కడ తేలతాం. ఆయన చేరాల్సిన చోటుతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వస్తాడు. అలా చేస్తే పొద్దున ఎంత త్వరగా లేవాలన్నది వాదనకు తావులేకుండా తేలిపోతుంది.

ఆ వరుసల్లో ఒక్క సారపాక చుట్టూ మాత్రం సున్నా చుట్టి ఉంటుంది. మిగతావన్నీ పావుగంట, అరగంట అటూ ఇటూ జరగొచ్చు. భోజనం ఆలస్యం కావొచ్చు, ఇల్లు పదింటికి చేరొచ్చు. సారపాక 5.50 మాత్రం జరగదు. నవమి చైత్రంలో వస్తుంది, అప్పటికి పొద్దు సాయంత్రం ఆరున్నర లోపే కుంగుతుంది. గోదావరి దాటి సారపాక వచ్చాక పాల్వంచ దాకా దారిలో అడవి తగులుతూ ఉంటుంది. ఇసుక లారీలు, మణుగూరు వైపు బొగ్గు లారీలు, కాగితం మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర తెచ్చే బండ్లు ఆ చుట్టుపక్కల రోడ్లన్నిటి మీదా ఉంటాయి. కర్ర లోడు వెనక మొద్దులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వెలుతురులో అవి కనిపిస్తాయి, చీకట్లోనైతే లైటు పడితే కనిపిస్తాయి, మసక వేళ రెండూ ఉండవు. మేత నుంచి పశువులు ఇళ్లకు మళ్లేదీ ఆ వేళకే. “పొద్దు గూకేలోపు అడవి దాటాలి సార్, మిగతాదంతా మన చేతిలో పనే” అంటాడు.

ఇక నవమి నాటి అసలు చిక్కు. మిథిలా స్టేడియంలో అభిజిత్ లగ్నంలో, మధ్యాహ్నం 12 గంటలకు జీలకర్ర బెల్లం. ఆ తర్వాత మాంగల్యధారణ, ముత్యాల తలంబ్రాలు. అవి అయిపోతే అన్ని వేలమందికీ ఒకేసారి ఇల్లు గుర్తొస్తుంది. కొత్తగూడెం, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ, ఎటు వెళ్లేవాళ్లయినా ముందు గోదావరి దాటాలి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన దగ్గరికే అందరూ రావాలి. అంతకుముందైతే పడవలే దిక్కు. ఇప్పుడు పాత వంతెన పక్కన రెండోది కూడా వచ్చింది కాబట్టి నది మీద ఇరుకు తగ్గింది. అయినా వంతెన దాకా వచ్చే పట్టణపు వీధులు మాత్రం అవే. తలంబ్రాలు కొంగున కట్టుకుని బండెక్కి, రెండు గంటలు ఎండలో ఏసీ వేసుకుని కదలకుండా కూర్చున్న కుటుంబాలు మనకు కొత్త కాదు.

డ్రైవరన్న నేర్పు ఇక్కడ తెలుస్తుంది. ఆయన ఆ గుంపుతో పోటీ పడడు. గుంపు వంతెన వైపు నడిచే వేళకు తన బండిని దానికి ఎదురు దిక్కుకు తిప్పుతాడు. తెల్లవారకముందే గోదావరి దాటి వచ్చి, పోలీసులు చూపిన స్థలాల్లో వంతెనకు దూరంగా, పర్ణశాల వైపు పోయే చర్ల రోడ్డుకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటాడు. పొద్దున గుడికి కాస్త ఎక్కువ నడవాల్సి వస్తుంది. ఆ నడక ఎవరికీ ఇష్టం ఉండదు, గొణుగుతారు కూడా. మధ్యాహ్నం ఆ నడకే ఫలిస్తుంది. జనం ఒకవైపు కదులుతుంటే వీళ్లు ఇంకోవైపు తేలిగ్గా బయటపడతారు. ఒంటిగంటన్నరకు బండి పర్ణశాల దారి పడుతుంది. పులిహోర, పెరుగన్నం బండిలోనే. వంతెన దగ్గర రద్దీ కరిగేందుకు పట్టే మూడు నాలుగు గంటల్ని ఆయన పర్ణశాలకు ఇచ్చేస్తాడు. బండిలో ఉన్నవాళ్లకు అది దర్శనం, ఆయన లెక్కలో అది వంతెన ఖాళీ అయ్యేదాకా చేసే నిరీక్షణ. ఒకే సమయంతో రెండు పనులు చేయించడం నాకు ఆయన ప్లాన్‌లో అన్నిటికన్నా నచ్చిన భాగం.

భద్రాచలం నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. ఇంత చిన్న దూరంలోనూ బండి ఒక రాష్ట్రం దాటి ఇంకో రాష్ట్రంలోకి వెళ్లి మళ్లీ తిరిగొస్తుంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, చుట్టూ ఉన్న ఊళ్లు అటు వెళ్లాయి. అందువల్ల పర్ణశాల ఉన్న దుమ్ముగూడెం మండలానికి వెళ్లేవాళ్లు ఎటపాక మండలం మీదుగా, అంటే ఆంధ్రప్రదేశ్ నేల మీదుగా వెళ్లి మళ్లీ తెలంగాణలో అడుగుపెట్టాలి. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి ఇవ్వాలన్న కోరిక ఇందుకే అప్పటి నుంచీ వినబడుతోంది. డ్రైవరన్న ఈ సంగతిని రాజకీయంగా మాట్లాడడు. బండి కాగితాలన్నీ ఒకే కవర్లో, కవరు ముందు అరలో పెట్టుకుంటాడు. ఎక్కడ ఆపి అడిగినా నిమిషంలో చూపిస్తాడు.

పర్ణశాలలో ఆయన పని చూడాలంటే కాసేపు దర్శనం మానుకుని బండి దగ్గరే ఉండాలి. మిగతా బండ్లు వచ్చినవి వచ్చినట్టు ముక్కు నది వైపు పెట్టి ఆగుతాయి. ఈయన వచ్చీ రాగానే బండిని వెనక్కి తిప్పి, ముక్కు రోడ్డు వైపు ఉండేట్టు నిలుపుతాడు. ఎడమవైపు తలుపు పూర్తిగా తెరుచుకునేంత చోటు వదులుతాడు, పెద్దావిడ మోకాళ్లు మడిచి ఎక్కేందుకు అంత చోటు కావాలి. పక్కనే కొబ్బరికాయల బండి ఉంటే కాస్త అవతలికి జరుగుతాడు, జనం అక్కడ గుమిగూడతారని. జనం లోపలికి వెళ్లాక నాలుగు టైర్లనూ అరచేత్తో తడుముతాడు. ఒకటి మిగతా వాటికన్నా వేడిగా ఉంటే గాలి తగ్గిందేమో, బ్రేకు పట్టేస్తోందేమో చూసుకుంటాడు. ఆ తర్వాత ఉతికిన నూలుగుడ్డ తీసి ముందు అద్దం తుడుస్తాడు, ముందు బయట, తర్వాత లోపల. లోపలి అద్దం ఎందుకని అడిగాను. చేయి పట్టుకుని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

“సారపాక దాటినాక రోడ్డు పడమటి దిక్కుకు పోతది సార్. అప్పుడు పొద్దు ఎదురుగా, కొంచెం కుడిపక్కన ఉంటది. ఈ లోపలి అద్దం మీద పొద్దుటి నుంచి ఊపిరి, ఏసీ, వేలిముద్రలు అన్నీ పేరుకున్నయి. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అదంతా తెల్లగా మెరిసి ఎదుటి బండి కనబడదు.”

భూపటం తీసి చూశాను. భద్రాచలానికి పాల్వంచ దాదాపు పడమరే, కాస్త దక్షిణానికి ఒరిగి ఉంది. 5.50కి బయల్దేరితే ఆ అరగంటా కుంగే పొద్దు కళ్లలోనే పడుతుంది. గంటన్నర తర్వాత, యాభై కిలోమీటర్ల అవతల, ఏ వంపులో ఎండ ఎటు నుంచి పడుతుందో ఆలోచించి ఇక్కడ, నీడలో, తీరిగ్గా అద్దం తుడుస్తున్నాడీయన. పనితనం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

అప్పుడు లోపల మనవాళ్లు సీతమ్మవారి నారచీరల గుర్తులంటూ చూపించే రాళ్ల దగ్గర ఉంటారు. పసుపు, కుంకుమ రాళ్లు, బంగారు లేడి, భిక్షకు వచ్చిన రావణుడి బొమ్మలు, వెదురుతో, కర్రతో చేసిన ఆటవస్తువుల దుకాణాలు. పిల్లల్ని అక్కడి నుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు. ఆయన ఎవరినీ తొందరపెట్టడు. ఇంటి పెద్దకు మాత్రం అసలు వేళ చెప్పి ఉంచుతాడు. నాలుగుంపావు కాగానే వెళ్లి పెద్దావిడను పలకరిస్తాడు. “పెద్దమ్మా, టీ పట్టుకొచ్చినా, బండి కాడ కూర్చుని తాగుదువు గానీ రా.” ఆవిడ కదిలితే కూతురు కదులుతుంది, కూతురు కదిలితే పిల్లలు వస్తారు. ఫ్లాస్కు బండిలో ఉండడం యాదృచ్ఛికం కాదు. నాలుగున్నరకు చక్రాలు తిరుగుతుంటాయి, తమను ఎవరో బయల్దేరదీశారని ఒక్కరికీ అనిపించదు.

ఆడవాళ్ల సంగతి ఆయన డైరీలో ప్రత్యేకంగా ఉంటుంది. ఏ బంకులో మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది, ఏ హోటల్లో తాళం అడిగి తీసుకోవాలి, ఇవన్నీ చిన్న చుక్కలతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ చుక్కలు ఎంత దూరానికి ఒకటి పడితే బండి ఆగేదీ అంత దూరానికి ఒకసారి. మగ డ్రైవర్లలో ఈ జాగ్రత్త ఉన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ప్రయాణం హాయిగా సాగిందని ఇంటికొచ్చాక ఆడవాళ్లు అనుకుంటే అందులో సగం ఆ చుక్కల చలవే.

ఋతువును బట్టి పేజీ మారుతుంది. నవమి రోజులు ఇప్పపూలు రాలే రోజులు కూడా. తెల్లవారుజామున గంపలతో పూలు ఏరేందుకు కోయవాళ్లు, పిల్లలతో సహా, రోడ్డు పక్క చెట్ల కిందికి వస్తారు. వెళ్లేటప్పుడు ఆ వేళకు అడవిలో ఉంటాం కాబట్టి అక్కడ వేగం తగ్గించాలని ఒక గుర్తు. ఆపై తునికాకు కాలం, కట్టలు మోసుకుంటూ జనం, ట్రాక్టర్లు. ఫోన్‌లో పటం ఇవేవీ చెప్పదు. ఆయన ఫోన్ వాడడని కాదు, వాడతాడు. కొత్తగూడెం తర్వాత జూలూరుపాడు మీదుగా తల్లాడ, వైరా దారిలో ఎక్కడైనా బండ్లు ఆగిపోయాయేమో అందులోనే చూసుకుంటాడు. దుమ్ముగూడెం, చర్ల వైపు మాత్రం సిగ్నల్ ఉన్నంతసేపే పటం. అందుకని ఆ ముక్కను ముందే కాగితం మీద గీసుకుని పెట్టుకుంటాడు.

వానాకాలం పేజీని చూస్తే ఈయన నదిని కూడా ఒక బండిలాగే గమనిస్తాడని తెలుస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వార్తల్లో అందరూ ఆ అంకెను చూస్తారు. ఆయన దానితోపాటు ఎగువన ఏం జరుగుతోందో, దిగువన ఏం జరుగుతోందో చూస్తాడు. ఇంద్రావతి పొంగిందా, చర్ల దగ్గర తాలిపేరు గేట్లు ఎత్తారా, కూనవరం దగ్గర కలిసే శబరి నిండుగా ఉందా. శబరి పోటెత్తితే గోదావరి నీరు ముందుకు పోక భద్రాచలం వైపు వెనక్కి తంతుంది, అప్పుడు ఎగువన వాన తగ్గినా ఇక్కడ మట్టం త్వరగా దిగదు. మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగకుండా, మట్టం పెరుగుతోందంటే చాలు, పర్ణశాలను పేజీ నుంచి కొట్టేస్తాడు. అక్కడ సీతమ్మ వాగుకు నీరెక్కితే నారచీరల చోటే మునుగుతుంది. దుమ్ముగూడెం దారిలో లోతట్టున రోడ్డు మీదికి నీరొస్తే వెనక్కి వచ్చే దారి మూసుకుంటుంది. వెళ్లడానికి దారి ఉండి రావడానికి లేకపోవడమంటే ఆయనకు చెడ్డ కోపం. 1986 ఆగస్టులో ఈ నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71 అడుగులు దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రెండు అంకెలూ డైరీ అట్ట లోపలివైపు రాసి ఉన్నాయి, కింద గీత గీసి.

హైదరాబాద్ వాళ్లు ఉన్నప్పుడు ఆయన దగ్గర ఇంకో దారి కూడా సిద్ధంగా ఉంటుంది. ఈ సంగతి విన్నప్పుడు నేను నిజంగా అబ్బురపడ్డాను. పర్ణశాల దాకా వచ్చాక మళ్లీ భద్రాచలానికి రావడం తప్ప గతి లేదనే నేననుకునేవాణ్ణి. ఆయన వేలితో పైకి చూపించాడు. గోదావరి ఒడ్డు వెంబడే చర్ల, వెంకటాపురం, వాజేడు. అక్కడ ముల్లకట్ట దగ్గర గోదావరి మీద ఇంకో వంతెన. దాటితే ఏటూరునాగారం, ములుగు, హనుమకొండ, హైదరాబాద్. భద్రాచలం రద్దీని తాకకుండానే ఇంటికి పోవచ్చు. అయితే అది మొత్తం అడవి దారి, మధ్యలో పెద్ద ఊళ్లు తక్కువ, పగలు తప్ప పనికిరాదు. నవమి సాయంత్రానికి అది పనికిరాదు కాబట్టి ఆ పేజీలో దాన్ని రాసి, అడ్డంగా కొట్టేసి, పక్కన ‘పొద్దునైతేనే’ అని రాశాడు. కొట్టేసినదాన్ని కూడా చెరపకుండా ఉంచడంలో తెలివి ఉంది. రేపు ఎవరైనా ఆ దారి ఎందుకు పోకూడదని అడిగితే జవాబు ఆ పేజీలోనే ఉంటుంది. రాజమండ్రి వైపు వెళ్లేవాళ్లకు చింతూరు, మారేడుమిల్లి ఘాట్ దారి కూడా ఇలాగే వెలుతురు షరతు మీదే రాసి ఉంది.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పటి నుంచి వాడికి కార్ల పందేలంటే ప్రాణం. ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊళ్లో 1923లో మొదలైన 24 గంటల పందెం ఉంది. శనివారం సాయంత్రం నాలుగింటికి మొదలై ఆదివారం నాలుగింటికి ముగుస్తుంది. ఇంగ్లండ్ నుంచి వేలమంది సొంత కార్లలో సముద్రం దాటి వెళ్తారు. జెండా ఊపగానే అందరికీ ఇల్లు గుర్తొస్తుంది, అందరూ చేరాల్సింది సముద్రం దాటించే ఆ రెండు మూడు రేవులకే, లేదంటే సముద్రం కింది సొరంగంలో కార్లను ఎక్కించుకుపోయే రైలు దగ్గరికే. వాడు కంప్యూటర్‌లో గళ్లు గీసుకుని తిరుగు ప్రయాణం వేసుకున్నాడు, సెలవుల్లో వచ్చినప్పుడు నాకు చూపించాడు. నాకు డ్రైవరన్న డైరీయే గుర్తొచ్చి ఇద్దర్నీ మా అరుగు మీద కలిపాను.

డ్రైవరన్న ఫోన్‌లో ఆ గళ్లను చాలాసేపు చూశాడు. మొదటి ప్రశ్న: “నాయనా, సొరంగం రైలు టైము తప్పితే తర్వాతి దానికి ఎక్కనిస్తరా, మళ్లీ డబ్బు కట్టాలా?” వాడు ఆ గడి చూపించాడు, దానికి ముందే విరామం వదిలి ఉంచుకున్నాడు. ఆదివారం సాయంత్రం బయల్దేరకుండా గుడారంలోనే పడుకుని, సోమవారం తెల్లవారుజామున రువాన్ మీదుగా కలేలో ఆ రైలు దగ్గరికి పోవాలన్నది వాడి ప్లాన్. రాత్రంతా పందెం చూసినవాడు అదే సాయంత్రం బండి నడపకూడదని రాసుకున్నాడు. డ్రైవరన్న తల ఊపాడు. రెండో ప్రశ్న నేను ఊహించనిది. “అక్కడ కుడిపక్కన నడపాలి కదా. రోడ్డు మీద బండ్లుంటే వాటిని చూసి నడుపుతవు, తప్పు రాదు. బంకులో ఆగి, టీ తాగి, ఖాళీ రోడ్డు మీదికి ఎక్కేటప్పుడు చెయ్యి పాత అలవాటుకు పోతది. దానికేం రాసుకున్నవు?” మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. ఆపైన ప్రతి విరామం పక్కనా ‘కుడి’ అని ఒక గడి చేర్చాడు. ఫ్రాన్సు చూడని మనిషి, పాస్‌పోర్ట్ లేని మనిషి, ఆ ప్రయాణంలో తప్పు జరిగే చోటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. తన దారిలోనూ ఆయనకు అలాంటి నియమమే ఉంది. ఎక్కడ ఆగినా, మళ్లీ బయల్దేరాక మొదటి కిలోమీటరు నెమ్మదిగా, పాట పెట్టకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా నడుపుతాడు. విశ్రాంతి తర్వాత ఒళ్లు తేలికవుతుందే గానీ చూపు కుదురుకునేందుకు కాస్త సమయం పడుతుందని ఆయన అనుభవం.

వాడి గళ్లలో ఉండి ఈయన డైరీలో లేనిది ఒకటుంది, ఎంత ఖర్చయిందన్న లెక్క. ఈయన డైరీలో ఉండి వాడి గళ్లలో లేనిది, బండిలో ఎవరెవరు ఉన్నారన్నది. నవమి పేజీ మార్జిన్‌లో ‘పెద్దమ్మ మోకాలు, చిన్నోడికి వాంతులు, అల్లుడు తొందర మనిషి’ అని ఉంటుంది. అల్లుడిని ముందు సీట్లో కూర్చోబెట్టి దారి చూసే పని అప్పజెప్తాడు, తొందరపెట్టడానికి అతనికి తీరిక ఉండదు. చిన్నోడికి కిటికీ పక్క సీటు, తాగే నీళ్లలో నిమ్మరసం. ఇంతమంది ఒళ్లూ మనసూ కలిసి ఆ దూరం పోవాలి కాబట్టి లెక్కలో వాళ్లూ ఉండాలన్నది ఆయన పట్టుదల.

ప్రయాణం అయ్యాక పని ముగియదు. మర్నాడు బండి కడిగి, ఆ పేజీ తీసి, అనుకున్న వేళ పక్కన అసలు వేళ ఎర్ర సిరాతో రాస్తాడు. సారపాక 5.50 పక్కన 5.45 పడిన ఏడు పక్కన టిక్కు. కొత్తగూడెంలో భోజనానికి అరగంట ఎక్కువైన ఏడు పక్కన ఆ హోటల్ మార్చాలని ఒక ముక్క. అలా దిద్దిన పేజీ మీదే వచ్చే ఏటి పేజీ తయారవుతుంది.

ఈమధ్య వెళ్లినప్పుడు ముక్కోటి ఏకాదశి పేజీ వేస్తున్నాడు. దాని కొలత పూర్తిగా వేరు. ముందురోజు సాయంత్రం గోదావరిలో తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. చలికాలం, పొద్దు త్వరగా కుంగుతుంది, పొద్దున నది మీంచి మంచు దిగుతుంది. అందుకని మంచు విడిచాక ఎనిమిదిన్నరకు పర్ణశాల, పదకొండున్నరకు తిరుగుముఖం, వెలుతురు ఉండగానే ఖమ్మం. అన్నిటికన్నా పైన, ఇల్లు అన్న వరుసకు కూడా పైన, ఒక కొత్త వరుస చేర్చాడు: జనం తెప్పోత్సవం చూసే మూడు గంటలూ డ్రైవర్ నిద్ర. దాని పక్కన ఎర్ర సిరాతో, ఆ టైములో ఎవరూ ఫోన్ చేయొద్దని బయల్దేరేముందే చెప్పాలి అని రాసుకున్నాడు.